ఓకు చెట్ల తోపు

శనివారం. పొద్దుటి నుంచీ ముసురు. బల్ల మీద ఒక నాటకం, ఒక నవల, ఒక మృతుల పట్టీ. మూడూ ఉత్తర ఐర్లండ్ చుట్టూ తిరిగేవే. పక్కన పటం, పెన్సిలు.

ఉత్తర ఐర్లండ్ బ్రిటన్‌తో ఉండాలా, ఐర్లండ్‌లో కలవాలా అన్న గొడవ మీద చరిత్ర తెరిచినా, కథ తెరిచినా ముందు పట్టుకోవాల్సింది పేర్లని. ఫాయిల్ నది ఒడ్డునున్న ఆ ఊరినే తీసుకుంటే, ఐరిష్‌లో దాని పేరుకు ఓకు చెట్ల తోపు అని అర్థం. ఇంగ్లిష్ వాళ్ల నోట అది డెర్రీ అయింది. ఐర్లండ్ ఉత్తర ప్రాంతమైన అల్స్టర్‌లో బ్రిటన్ జనాన్ని దింపి భూములు పంచే పనికి లండన్ వర్తక సంఘాలు డబ్బు పెట్టాయి గనక, 1613 రాజశాసనం దాన్ని లండన్‌డెర్రీ చేసింది. 1984లో నగర మండలి తన పేరును డెర్రీగా మార్చుకుంది గానీ, నగరం అధికారిక నామం ఈనాటికీ లండన్‌డెర్రీయే. దారి పలకల మీద లండన్ అన్న ముక్కకు రంగు పులిమి ఉండడం ఆ ప్రాంతంలో మామూలు దృశ్యం.

అలాగని డెర్రీ అన్న ప్రతివాడూ ఐరిష్ జాతీయవాది అనుకుంటే పప్పులో కాలేసినట్టే. 1688లో క్యాథలిక్ రాజు జేమ్స్ సైన్యం లోపలికి రాకుండా కోట తలుపులు మూసిన, పని నేర్చుకునే కుర్రాళ్ల పేరు మీద నడిచే ప్రొటెస్టంట్ సంఘం పేరే అప్రెంటిస్ బాయ్స్ ఆఫ్ డెర్రీ. అందుకే పాత్ర నోటి మాటను చూసి తీర్పు చెప్పకూడదు. రచయిత తన సొంత వాక్యంలో ఏ పేరు వాడాడో, పటంలో ఏది వేశాడో చూడాలి. అల్స్టర్ అన్న మాటతోనూ ఇదే చిక్కు. పాత అల్స్టర్‌లో 9 కౌంటీలు, 1921లో విడదీసిన ఉత్తర ఐర్లండ్‌లో 6. డొనెగల్, కావన్, మొనహన్ బయటే ఉండిపోయాయి, ఎందుకంటే అవి కూడా కలిస్తే బ్రిటన్‌తోనే ఉండాలనే యూనియనిస్టులకు గట్టి మెజారిటీ దక్కేది కాదు. ఐఆర్ఏ (ఐరిష్ రిపబ్లికన్ ఆర్మీ) అని కనిపిస్తే పక్కన ఏడాది రాసుకోవడం మంచి అలవాటు. 1920లో బ్రిటిష్ వాళ్లతో పోరాడినదీ, 1922 అంతర్యుద్ధంలో బ్రిటన్‌తో చేసుకున్న ఒప్పందాన్ని కాదన్నదీ, 1969 డిసెంబర్ చీలికలో పుట్టిన ప్రొవిజనల్ దళమూ ఒకటే అనుకుని చదివితే కథంతా అడ్డం తిరుగుతుంది.

ఈ గొడవను ఉత్త క్యాథలిక్, ప్రొటెస్టంట్ మతకలహంగా చెప్పేయడం మన దగ్గరా ఎక్కువే. మదనపల్లెలో 1919లో జనగణమనకు స్వరలిపి రాసిన మార్గరెట్ కజిన్స్ ప్రొటెస్టంట్ ఇంటి ఆడపడుచు. ఆడవాళ్ల ఓటు హక్కు కోసం డబ్లిన్ కోట కిటికీ అద్దాలు పగలగొట్టి జైలుకెళ్లిన ఐరిష్ మనిషి. ఆమెను ఏ డబ్బాలో పెడతారు?

మధ్యాహ్నమంతా బ్రయన్ ఫ్రీల్ నాటకం ట్రాన్స్‌లేషన్స్‌తోనే గడిచింది. 1980లో డెర్రీ గిల్డ్‌హాల్‌లోనే మొదటిసారి ఆడారు. కథాకాలం 1833, డొనెగల్ పల్లె. బ్రిటిష్ సర్వే వాళ్లు మైలుకు ఆరంగుళాల చొప్పున పటం గీస్తూ ఊళ్ల పేర్లు మార్చుతుంటారు. ఏరు సముద్రంలో కలిసే చోటుకు ఐరిష్‌లో ఏటి అడుగు అన్న అర్థంతో ఒక పేరుంటుంది. పాత జాబితాల్లో దానికి తలో రాత. ఊరివాడే అయిన ఓవెన్, ఇంగ్లిష్ అధికారి కలిసి తర్జనభర్జన పడి చివరికి బర్న్‌ఫుట్ అని తేలుస్తారు. ఆ ఓవెన్‌ను సైనికులు రోలండ్ అని పిలుస్తుంటారు, అతను చాలాసేపు సరిదిద్దడు. రంగస్థలం మీద ఐరిష్ వాళ్లూ ఇంగ్లిష్ వాళ్లూ అందరూ ఇంగ్లిష్‌లోనే మాట్లాడతారు, అయినా ఒకరి మాట ఒకరికి తెలియడం లేదని ప్రేక్షకుడికి అర్థమవుతూనే ఉంటుంది. పోగొట్టుకున్న భాషను ఆ భాషలో ఒక్క సంభాషణా లేకుండా చూపించడం! ఇంతకంటే గొప్ప పని నాటకం చేయలేదనిపిస్తుంది.

కానీ చరిత్రగా చదివితే దెబ్బతింటాం. ఫ్రీల్ ఆధారపడ్డది జె.హెచ్. ఆండ్రూస్ రాసిన సర్వే చరిత్ర మీద. సర్వే సైనికులు బాయ్‌నెట్లు పట్టుకు తిరగలేదని, ఇళ్లు ఖాళీ చేయించడం వాళ్ల పని కాదని ఆ ఆండ్రూసే తప్పు పట్టాడు. నిజం సర్వేలో పేర్ల పని చూసిన జాన్ ఓడొనవన్ ఐరిష్ పండితుడు. ఊరూరా తిరిగి, ముసలివాళ్లని అడిగి, ఐరిష్ రూపం రాసుకున్నాకే ఇంగ్లిష్ వర్ణక్రమం సూచించేవాడు. భాషను అంతకంటే ఎక్కువ దెబ్బతీసినవి 1845లో మొదలైన కరువు, వలసలు, ఇంగ్లిష్ బడులు. నాటకం పక్కన ఈ లెక్క పెట్టుకు చదివితే రెండూ నిలుస్తాయి.

రాత్రి అన్నా బర్న్స్ నవల మిల్క్‌మన్. ఊరి పేరు లేదు, కథ చెప్పే పిల్లకూ పేరు లేదు, నడిపి అక్క అంతే. పిల్లలకు పెట్టకూడని పేర్ల జాబితా ఒకటి మాత్రం ఉంది. వెన్నలో కూడా మనవైపుది, వాళ్లవైపుది. పేరు బయటపడితే మతం, బడి, పేట అన్నీ బయటపడే చోట నోరు మూసుకోవడమే బతుకు తెరువని ఏ సిద్ధాంతమూ చెప్పకుండా అర్థమవుతుంది.

దానికి నేరుగా ఎదురుగా నిలబడేది మృతుల పట్టీ, లాస్ట్ లైవ్స్. 1966 నుంచి పోయిన ప్రతి ప్రాణానికీ ఒక అంకె, పేరు, తేదీ, వయసు, ఎలా పోయారన్నది. సైనికుడైనా, ఐఆర్ఏ మనిషైనా, పాలు తేవడానికి వెళ్లినవాడైనా అదే వరుస. చనిపోయిన తేదీ ప్రకారం పేర్చారు గనక దాన్ని చదవడానికీ ఓ పద్ధతి కావాలి. 1972 జనవరి 30న డెర్రీలో బ్రిటిష్ పారాచూట్ దళం కాల్పుల్లో పోయిన 13 మంది ఒకచోటే ఉంటారు. ఆరోజు గాయపడ్డ ఇంకొకాయన జూన్‌లో పోయాడు, ఆయన కోసం ముందుకు వెళ్లాలి. ఆ చావుకు ఆనాటి గాయాలు కారణం కాదని ఆ కాల్పులపై జరిగిన రెండో విచారణ, 2010 సావిల్ నివేదిక, తేల్చింది. కాబట్టి 13 అన్న పుస్తకాన్నీ 14 అన్న పుస్తకాన్నీ తప్పుపట్టే ముందు అచ్చయిన ఏడాది చూడాలి. మొదటి విచారణ, 1972 ఏప్రిల్ నాటి విడ్జరీ నివేదిక, సైనికుల తప్పును చాలావరకు కప్పిపుచ్చింది, దాన్ని నమ్ముకుని రాసిన పేజీలు ఇంకా అలమరల్లో ఉన్నాయి.

డెర్రీలోని బాగ్‌సైడ్ పేటలో గోడ మీది బొమ్మలో మాత్రం 14 ముఖాలున్నాయి. చుట్టూ 14 ఓకు ఆకులు.