అడక్కూడని మాట

"మీవారు ఎప్పుడొస్తారు?" అని అడిగినందుకు చీవాట్లు తిన్న తెలుగువాళ్లు ఇంకెవరైనా ఉన్నారో లేదో తెలియదు. నేను తిన్నాను. అదీ ఒక చర్చి పార్కింగ్ లాట్‌లో, 100 డిగ్రీల ఎండలో. ఫారెన్‌హీటే లెండి, అయినా ఎండ ఎండే.

టెక్సస్‌లో కిలీన్ అనే ఊళ్లో ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్నాను. ఇక్కడ ఊరంటే ఆర్మీయే. ఆనుకునే ఫోర్ట్ హుడ్ అనే సైనిక స్థావరం ఉంది. 2023లో దాన్ని ఫోర్ట్ కవాజోస్ అన్నారు, 2025లో మళ్లీ హుడ్ అన్నారు. పేరు అదే, కానీ అప్పటి హుడ్ అనే సైనికాధికారి వేరు, ఇప్పటి హుడ్ వేరట. మా క్లినిక్‌కి వచ్చే మోకాళ్లు, నడుముల్లో చాలావరకు సైనికులవో, రిటైరైనవాళ్లవో.

ఆగస్టులో బడులు తెరిచే ముందు ఒక చర్చివాళ్లు సైనిక కుటుంబాల కోసం 'ఔట్‌రీచ్' పెట్టారు. మనుషులు చాలట్లేదు, సాయానికి రమ్మని ఫ్రంట్ డెస్క్ చూసే ఆవిడ పిలిస్తే వెళ్లాను. చర్చి నాకు కొత్త కాదు. క్రిస్మస్‌కి కేకు పంపిన ఇంటికి సంక్రాంతికి అరిసెలు పట్టుకెళ్లిన పిల్లనే. కానీ ఔట్‌రీచ్ అనగానే మైకు, కరపత్రాలు, స్వస్థత కూటాలు కళ్ల ముందు మెదిలాయి. తీరా చూస్తే ఒకాయన కార్ల కింద దూరి ఇంజన్ ఆయిల్ మారుస్తున్నాడు. ఒకామె పిల్లలకి జుట్టు కత్తిరిస్తోంది. పాస్టరుగారి ప్రార్థన రెండు నిమిషాల్లో అయిపోయింది. ఉచితంగా ఇచ్చిన ప్రతి స్కూలు బ్యాగులోనూ చర్చి టైమింగుల కార్డు మాత్రం ఉంది, లేదని చెప్పను.

నన్ను పార్సిళ్ల బల్ల దగ్గర నిలబెట్టారు. విదేశాల్లో డ్యూటీలో ఉన్నవాళ్లకి ఇంట్లోవాళ్లు పంపే అట్టపెట్టెలు. వెట్ వైప్స్, సాక్సులు, కాఫీ పొట్లాలు, బీఫ్ జెర్కీ అనే ఎండు మాంసం. నేను చాక్లెట్ పెట్టబోతే కరిగిపోతుందని తీసేశారు. గల్ఫ్ వైపు కొన్ని దేశాలకి పంది మాంసం పంపకూడదు. బైబిళ్లు కూడా కట్టలుగా పంపకూడదు, సొంతానికి ఒకటైతే పర్వాలేదు. ఆ నిబంధన చర్చివాళ్ల బల్ల మీదే అంటించి ఉంటే నవ్వొచ్చింది. ఆవకాయ సీసా మూతకి మూడు చుట్లు టేపు వేసి, రెండు కవర్లలో పెట్టి కొరియర్ చేసే తల్లికి పుట్టినదాన్ని. పెట్టె సర్దడం నాకు ఒకరు నేర్పక్కర్లేదు.

ఒక అమ్మాయి వచ్చింది. పాతికేళ్లుంటాయేమో. చంకలోని పాపని బల్ల మీద కూర్చోబెట్టి, ఆ చిన్న చేతిని కాగితం మీద ఆనించి, వేళ్ల చుట్టూ పెన్సిల్ తిప్పుతోంది, నాన్నకి పంపడానికి. నాకు మనసు కరిగిపోయింది. మనకి మనసు కరిగితే ఏం చేస్తాం? అడుగుతాం. "మీ ఆయన ఏ దేశంలో ఉన్నారు? ఎప్పుడొస్తారు?" అన్నాను.

పెన్సిల్ బొటనవేలి దగ్గర ఆగిపోయింది. "బాగున్నారు, థాంక్యూ" అని మిగతా గీత పూర్తి చేసింది.

కాసేపటికి ఒక పెద్దావిడ నన్ను నీళ్ల డబ్బా పక్కకి తీసుకెళ్లింది. ఆర్మీలో సార్జెంటుగా చేసినాయన భార్య. "చూడు హనీ, ఇక్కడ ఎక్కడ, ఎప్పుడు అనేవి మాత్రం అడగం." ఆ వివరాలు బయట చెప్పొద్దని కుటుంబాలకి ముందే చెప్తారట. పైగా తొమ్మిది నెలలని వెళ్లినవాళ్లు ఆ తేదీకే వస్తారని లేదు. పిల్లల కోసం రంగు కాగితాల గొలుసు చేసి, రోజుకొక రింగు తెంపిస్తుంటారు. తేదీ వెనక్కి జరిగితే, పిల్లలు నిద్రపోయాక తల్లి కూర్చుని మళ్లీ రింగులు అతికిస్తుంది. "నేనూ అతికించాను" అందావిడ.

ఆవిడ చెప్పినదాంట్లో తప్పులేదు. అయినా మొహం మాడిపోయింది. నా యాస విని ఇంకేమైనా అనుకున్నారా అని కూడా అనిపించింది. వీసా మీద బతికేవాళ్లకి ఇలాంటి అనుమానాలు ఊరికే వస్తాయి.

మా అమ్మమ్మగారి ఊరు తాడేపల్లిగూడెం దగ్గర. మిలిటరీ మాధవరం అక్కడికి పక్కనే. సైన్యంలోకి మనుషుల్ని పంపీ పంపీ ఆ ఊరి పేరే అలా మారిపోయింది. అక్కడ సైనికుడి తల్లి కూరగాయలకి బయల్దేరితే "మీవాడు ఎక్కడున్నాడండీ, సెలవుకెప్పుడొస్తాడు?" అని నలుగురైనా అడుగుతారు. "పండక్కి రాలేడంటమ్మా" అని ఆవిడ కళ్లొత్తుకుంటుంది, "వచ్చేస్తాడులెండి" అని వీళ్లంటారు. అడగని మనిషిని పొగరనుకుంటారు. అడిగితేనే కదా ఆవిడ ఏడవగలిగేది? ఇక్కడ ఈ పిల్ల ఎవరి దగ్గర ఏడుస్తుంది?

రెండు రోజులు ఇదే నమిలాను. వీళ్లు అసలేమీ అడగరని కాదు. ఆ రోజు వచ్చినవాళ్లందరికీ ఒక కాగితం ఇచ్చారు: గడ్డి కోయాలా, పిల్లల్ని చూసుకోవాలా, కారుకి రిపేరుందా? టిక్కు పెడితే చాలు. శనివారం ఎవరో మెషిన్‌తో వచ్చి, గడ్డి కోసి, తలుపైనా కొట్టకుండా వెళ్లిపోతారట. మనవాళ్లయితే తలుపు కొట్టి, కాఫీ తాగి, పుట్టుపూర్వోత్తరాలన్నీ అడిగి, గడ్డిని అలాగే వదిలేసి వెళ్తారు. ఏది మేలంటే, ఆ పిల్లకి గడ్డే కావచ్చు. నాకైతే ఇప్పటికీ ఆ కాఫీ మనిషే కావాలనిపిస్తుంది.

ఆదివారం ఫోన్‌లో అమ్మకి చెప్పాను. "అదేం చోద్యమే! అడక్కపోతే పట్టించుకోలేదనుకోరూ?" అంది. తర్వాత మామూలుగానే, "సరే, మరి నువ్వెప్పుడొస్తున్నావ్?"

వస్తే వీసా స్టాంపింగ్‌కి డేట్లు దొరకాలి. దొరికాక మళ్లీ రానివ్వాలి. ఇదంతా అమ్మకి చెప్పలేదు. పోయినేడు దసరాకన్నాను, తర్వాత సంక్రాంతికన్నాను.

"చూద్దాంలేమ్మా. ఉగాదికేమో."

అవతల కాసేపు చప్పుడు లేదు. గోడ మీంచి క్యాలెండర్ తీస్తున్నట్టుంది, కాగితాలు గలగలమన్నాయి.

"పెన్నుతో సున్నా చుట్టమంటావా, పెన్సిల్‌తోనా?" అంది.