ఎప్పుడూ వచ్చే వార్నింగే

ఈ దేశం వచ్చి ఉద్యోగంలో చేరిన మూడో వారం. సర్వర్ లాగ్ తెరిస్తే ఒకటే వార్నింగ్, ఎవరు ఏ ఫారం నింపినా మళ్లీ అదే. "రిక్వెస్ట్ ఎన్‌కోడింగ్‌ను యూటీఎఫ్-8కి మార్చడం కుదరదు, పారామీటర్లు ఇప్పటికే చదివేశారు" అని దాని సారాంశం. ఎన్‌కోడింగ్ అంటే అక్షరాలను బైట్లుగా రాసుకునే పద్ధతి, యూటీఎఫ్-8 అలాంటిదొకటి. పారామీటర్లంటే ఫారంలో నింపి పంపినవి. మా జావా వెబ్ సర్వర్ పేరు గ్లాస్‌ఫిష్. దాని మీద పనిచేసినవాళ్లకు ఈ వార్నింగ్ నంబర్, పీడబ్ల్యూసీ4011, అంటే చాలు, గుర్తుపడతారు.

పక్క సీటాయన్ని అడిగితే "అదా, ఎప్పుడూ వచ్చేదే" అన్నాడు. వేరే టీంలో ఉన్న తెలుగబ్బాయి ఇంకా సూటిగా చెప్పాడు: "బ్రో, ప్రొబేషన్ అయ్యేదాకా దాన్ని కెలక్కు." అదీ నిజమే. వీసా ఉద్యోగంతో ముడిపడి ఉన్నప్పుడు, ఎవరో ఎప్పుడో రాసిన కోడ్‌లో వేలు పెట్టాలంటే టెన్షనే. నోరు మూసుకున్నాను.

కొన్నాళ్లకు ఒక కస్టమర్ ఫిర్యాదు చేశాడు. ఇక్కడి భాషలో కొన్ని అచ్చుల నెత్తిన రెండు చుక్కలుంటాయి. అతని పేరులో ఆ అక్షరం ఉన్నచోట రెండు పిచ్చి గుర్తులు పడ్డాయట. మీటింగ్‌లో అందరూ డేటాబేస్‌నే తిట్టారు. ఒకాయన జావా 18కి మారితే అదే సర్దుకుంటుందన్నాడు. 2022లో వచ్చిన ఆ వెర్షన్ నుంచి జావా డిఫాల్ట్ యూటీఎఫ్-8 అయిన మాట వాస్తవమే. కానీ ఫారం నుంచి వచ్చే డేటాకు అది వర్తించదు. ఎన్‌కోడింగ్ ఏమిటో ఎవరూ చెప్పకపోతే సర్వ్‌లెట్ల (వెబ్ రిక్వెస్టులు అందుకునే జావా ప్రోగ్రాముల) నియమం ప్రకారం దాన్ని ఐఎస్ఓ-8859-1గానే, అంటే బైటుకో అక్షరం లెక్కన, చదువుతారు. ఈ మాట మీటింగ్‌లో అనలేదు. నా ఇంగ్లిష్ యాస మీద నాకే నమ్మకం లేని రోజులవి.

సీటుకొచ్చి టెస్ట్ సర్వర్‌లో నా పేరు తెలుగులో కొట్టాను. ఒక్కో గుర్తుకూ మూడేసి వచ్చాయి. ప్రతిసారీ మొదట నెత్తిన గీటున్న లాటిన్ 'ఏ', దాని పక్కన డిగ్రీ గుర్తో ప్లస్-మైనస్ గుర్తో. యూటీఎఫ్-8లో తెలుగు గుర్తు ఒక్కోటి మూడు బైట్లు, వాటిని ఎవరో విడివిడిగా మూడు అక్షరాలనుకుని చదువుతున్నారన్నమాట. ప్రశ్నార్థకాలు పడి ఉంటే అక్షరాలు పోయినట్టే, తిరిగి రావు. ఇలా పడ్డాయంటే బైట్లు భద్రంగానే ఉన్నాయి. మరి తప్పు చదువుతున్నది ఎవరు? కన్సోల్‌లో ప్రింట్ చేసి తేల్చుకుందామంటే దాని ఎన్‌కోడింగ్ గొడవ దానిది, నమ్మలేం. అందుకని పేరు కాకుండా పేరు పొడవు ప్రింట్ చేశాను. 4 రావాలి, 12 వచ్చింది. అదీ డేటాబేస్ గుమ్మం తొక్కకముందే.

అప్పుడు వార్నింగ్‌ను మళ్లీ, ఈసారి నిదానంగా చదివాను. "ఇప్పటికే చదివేశారు." ఎవరు? రిక్వెస్ట్ అసలు ప్రోగ్రాంకు చేరేలోపు దారిలో ఒకదాని తర్వాత ఒకటి నడిచే కోడ్ ముక్కల్ని ఫిల్టర్లంటారు. వెతికితే వాటిలో మా ఆడిట్ ఫిల్టర్ దొరికింది. ఎవరు ఏ బటన్ నొక్కారో రాసుకోడానికి అది ఒక పారామీటర్ తీస్తుంది. ఒక్కటి తీసినా సర్వర్ మొత్తం ఫారాన్ని విప్పి చదివేస్తుంది. ఆ తర్వాత వచ్చే ఎన్‌కోడింగ్ ఫిల్టర్ యూటీఎఫ్-8లో చదవమని ఎంత మొత్తుకున్నా లాభం లేదు. గ్లాస్‌ఫిష్ నయం, కనీసం గోల చేస్తోంది.

ఫిల్టర్ల వరుస రాసుండే వెబ్ డాట్ ఎక్స్ఎమ్ఎల్ ఫైల్‌లో ఆ రెండు ఫిల్టర్ మ్యాపింగ్‌లను పైకీ కిందికీ మార్చాను. రేపు ఇంకెవరైనా ఇంకో ఫిల్టర్ ముందు దూర్చకపోరని, గ్లాస్‌ఫిష్-వెబ్ ఫైల్‌లో పారామీటర్ ఎన్‌కోడింగ్ డిఫాల్ట్ కూడా యూటీఎఫ్-8 అని పెట్టాను. పాత రికార్డులను వెనక్కి తిప్పే స్క్రిప్ట్ రాయడానికి మాత్రం వారం పట్టింది. బాగున్న పేరు మీద అది నడిస్తే ఆ పేరే పాడవుతుంది, ముందు ఏది చెడిందో ఏరుకోవాలి.

ప్రొడక్షన్‌లోకి వెళ్లిన మర్నాడు పక్క సీటాయన కుర్చీ నా వైపు తిప్పాడు.

"లాగ్ కదలట్లేదు. సర్వర్ పడిపోయిందా?"