మూడేళ్ల అప్పగింతలు

మా అబ్బాయికి పదిహేనేళ్లు నిండిన కొత్తలో, వారం రోజులుగా వదలని తలనొప్పి గురించి చూపించడానికి వాడిని ఒక వైద్యురాలి దగ్గరికి తీసుకువెళ్లాను. ఆమె వాడి వైపే చూస్తూ, నొప్పి ఏ పక్కన వస్తోందని అడిగారు. వాడు నోరు తెరిచేలోగా కుడిపక్కన అని నేనే చెప్పాను. ఎప్పుడు ఎక్కువవుతోందన్న ప్రశ్నకూ నాదే జవాబు. మూడో ప్రశ్న దగ్గర ఆమె కలం పక్కన పెట్టి, నన్ను ఒక పది నిమిషాలు బయట కూర్చోమని మర్యాదగానే అన్నారు. ఈ వయసు పిల్లలతో కాసేపు విడిగా మాట్లాడడం వైద్యులు పాటించే పద్ధతేనని తరవాత తెలిసింది కానీ, బయట బల్ల మీద కూర్చున్నంతసేపూ నాకు చిన్నతనంగానే అనిపించింది. ఇంటికి తిరిగి వస్తుండగా వాడు నెమ్మదిగా, "నొప్పి ఎడమపక్కనమ్మా" అన్నాడు.

ఆ రాత్రి వాడి కోసం నేను చేస్తున్న పనులన్నీ ఒక కాగితం మీద రాయడం మొదలుపెట్టాను. నిద్ర లేపడం, పరీక్షల తేదీలు గుర్తుంచుకోవడం, దరఖాస్తులు నింపడం, బట్టలు ఉతకడం, ఉపాధ్యాయులతో మాట్లాడడం, వాడి తరఫున క్షమాపణ చెప్పడం వరకూ కలిపితే రెండు పేజీలు నిండాయి. పద్దెనిమిదేళ్లు నిండేసరికి ఈ పనులన్నీ వాడి చేతికి వెళ్లాలి, ఉన్నది మూడేళ్లు. ఐక్యరాజ్యసమితి 1989లో ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలోని 5వ అధికరణం, తల్లిదండ్రులు చూపే దారి పిల్లల్లో పెరుగుతున్న సామర్థ్యానికి తగినట్లు ఉండాలని చెబుతుంది. మా ఇంట్లో మాత్రం వాడి సామర్థ్యం పెరుగుతూ పోయింది, నా పద్ధతి వాడి ఎనిమిదో ఏట ఎక్కడుందో అక్కడే ఉండిపోయింది.

ఏ పనినైనా నాలుగు మెట్లలో అప్పగించాలని మావారూ నేనూ అనుకున్నాము. మొదట నేను చేస్తుంటే వాడు చూడాలి, తరవాత ఇద్దరం కలిసి చేయాలి, ఆపైన వాడు చేస్తుంటే నేను చూడాలి, చివరికి వాడు చేసుకోవాలి, చేశాడో లేదో నేను అడగకూడదు. డేవిడ్ వుడ్, జెరోమ్ బ్రూనర్, గెయిల్ రాస్ అనే మనస్తత్వవేత్తలు 1976లో రాసిన వ్యాసంలో, నేర్చుకునేవారికి పెద్దలు అందించే సాయాన్ని కట్టడానికి వేసే పరంజాతో పోల్చారు. పరంజా వేయడం నాకు చేతనైన పనే. గోడ ఆరిందని నమ్మి విప్పడమే చేతకాలేదు.

నిద్ర లేవడంతో మొదలుపెట్టాము. మొదటి వారంలో వాడు మూడు రోజులు తరగతికి ఆలస్యంగా వెళ్లాడు. ఉపాధ్యాయురాలు నాకు ఫోన్ చేస్తే, ఆ మాట వాడితోనే మాట్లాడమని కోరాను. ఆమెకు నా జవాబు నచ్చలేదని గొంతులోనే తెలిసింది. అంతవరకూ నేను బద్ధకం అనుకున్నదానికి శరీరంలోనే కారణం ఉందని చదివింది ఆ రోజుల్లోనే. యుక్తవయసు వచ్చేసరికి శరీరపు గడియారం దాదాపు రెండు గంటల వరకూ వెనక్కి జరుగుతుంది, నిద్రను తెచ్చే మెలటోనిన్ రాత్రి ఆలస్యంగా విడుదలవుతుంది, అయినా 13 నుంచి 18 ఏళ్ల వారికి 8 నుంచి 10 గంటల నిద్ర అవసరం. ఈ సంగతి వాడికి చెప్పి, ఏం చేస్తావో నువ్వే తేల్చుకో అన్నాను. పది రోజుల తరవాత వాడే ఫోన్‌ను రాత్రిపూట హాల్లో పెట్టడం మొదలుపెట్టాడు. అదే మాట నేను రెండేళ్లుగా చెబుతూ వచ్చాను.

డబ్బు దగ్గర తడబడింది వాడు కాదు, మేమే. ఏ రోజుకారోజు ఇచ్చే అలవాటు మానేసి, నెల మొత్తానికి సరిపడా ఒకేసారి ఇచ్చాము. పన్నెండో తేదీకల్లా అయిపోయింది. మళ్లీ ఇవ్వకూడదని ఇద్దరం అనుకున్నాము కానీ, మావారు మనసు ఊరుకోక నాకు తెలియకుండా రెండుసార్లు ఇచ్చారు. ఆ సంగతి బయటపడిన రోజున ఇంట్లో జరిగిన వాదనలో వాడి ప్రసక్తే రాలేదు. రెండో నెల ఇరవై ఐదో తేదీ వరకూ వచ్చింది, మూడో నెల నుంచి నేను లెక్క చూడడం మానేశాను.

నేను చేసిన అసలు తప్పు వాడు ఎక్కడున్నాడో చూపించే ఆప్ విషయంలో జరిగింది. బయటికి పంపే ధైర్యం కోసం దాన్ని వాడి ఫోన్‌లో వేయించాను. ఒక సాయంత్రం ఒక స్నేహితుడి ఇంటికని వెళ్లాడు. నా ఫోన్‌లో చుక్క మరో వీధిలో కనిపించింది. వాడు గుమ్మంలో అడుగు పెడుతూనే, "అక్కడ ఎందుకున్నావు?" అని నిలదీశాను. అందరూ కలిసి పక్క వీధిలోని మరో స్నేహితుడి ఇంటికి మారారు, అంతే. ఆ రోజు నుంచి దాదాపు రెండు నెలల పాటు వాడు నాకు దేని గురించీ తనంతట తాను చెప్పలేదు; అడిగినదానికి మాత్రం పొడిగా సమాధానం ఇచ్చేవాడు. "నీకు తెలుసుగా" అన్నది ఆ రోజుల్లో తరచూ విన్న మాట. హోకన్ స్టాటిన్, మార్గరెట్ కెర్ స్వీడన్‌లో పద్నాలుగేళ్ల పిల్లల మీద చేసి 2000లో ప్రచురించిన పరిశోధన ఆ తరవాత నా కంటపడింది. పిల్లల గురించి తల్లిదండ్రులకు తెలిసేదాంట్లో ఎక్కువ భాగం నిఘా వల్ల కాదనీ, పిల్లలు ఇష్టపడి చెప్పడం వల్లేననీ అందులో తేలింది. నేను చుక్కను చూసి మనిషి నోరు మూయించాను. ఆప్ తీసేసిన తరవాత కూడా వాడు మామూలు కావడానికి చాలా రోజులు పట్టింది. ఆ రోజుల్లో నేను ప్రశ్నలు తగ్గించుకోవడం తప్ప ఇంకేమీ చేయలేదు.

అయితే అన్నీ వదిలేశామని కాదు. లైసెన్సు వచ్చేవరకూ బండి ఇవ్వలేదు, తాగి నడిపేవారి వెనక కూర్చోకూడదన్న నియమం మీద చర్చకు తావే ఇవ్వలేదు. మార్గో గార్డ్‌నర్, లారెన్స్ స్టైన్‌బర్గ్ 2005లో ప్రచురించిన ప్రయోగంలో, కారు నడిపే కంప్యూటర్ ఆటను స్నేహితుల సమక్షంలో ఆడిన కౌమార వయస్కులు ఒంటరిగా ఆడినవారికన్నా ఎక్కువ తెగించారు; పెద్దవారిలో ఆ తేడా చాలా తక్కువ. అంటే వాడికి ప్రమాదం తెలియక కాదు, నలుగురి మధ్య ఆ తెలివి నిలబడడం కష్టం. అందుకే ఎన్ని గంటలకు వస్తావన్న ప్రశ్న మానేసి, ఎవరితో వెళుతున్నావు, ఎలా తిరిగి వస్తావు అని అడగడం మొదలుపెట్టాను. పదిహేడో ఏట ఒక రాత్రి, తనను దింపాల్సినవాడు తాగి ఉన్నాడని వాడే ఫోన్ చేశాడు. మావారు వెళ్లి తీసుకువచ్చారు. దారిలో ఇద్దరూ క్రికెట్ గురించి మాట్లాడుకున్నారట.

పద్దెనిమిది నిండడానికి రెండు నెలల ముందు, జ్వరం వస్తే తానే అపాయింట్‌మెంట్ తీసుకుని, పాత ఫైలు ఇవ్వమని నన్ను అడిగాడు. పుట్టినప్పటి నుంచి నేను దాచిన కాగితాలు, టీకాల వివరాలు అన్నీ అందులో ఉన్నాయి. నిలబడే పేజీలు తిప్పుతూ ఒకచోట ఆగాడు. మూడేళ్ల వయసులో ఒక మందు వేస్తే ఒళ్లంతా దద్దుర్లు వచ్చాయనీ, ఇకముందు ఆ మందు వాడకూడదనీ నేను ఎర్ర సిరాతో రాసుకున్న పేజీ అది.

"నాకు ఈ మందు పడదా? ఎప్పుడూ చెప్పలేదేం?" అన్నాడు.

రెండు పేజీల జాబితాలో ఆ సంగతి లేదు. ఏ వైద్యుడు అడిగినా జవాబు చెప్పింది నేనే కాబట్టి, వాడికి తెలియాల్సిన అవసరమే రాలేదు. ఇద్దరం బల్ల దగ్గర కూర్చుని ఆ ఫైలును మొదటి కాగితం నుంచి చదవడం మొదలుపెట్టాము. వాడు ఆ మందు పేరును అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ తన ఫోన్‌లో రాసుకున్నాడు.