నలభై దాటాక మళ్లీ షటిల్ కోర్టుకి

2001 మార్చి రెండో వారం మా తరం హైదరాబాదీలకి ఎవరూ గుర్తు చెయ్యక్కర్లేదు. 11న గోపీచంద్ చైనా ఆటగాడు చెన్ హాంగ్‌ని 15-12, 15-6తో ఓడించి ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టైటిల్ కొట్టాడు. 14న కోల్‌కతా ఈడెన్ గార్డెన్స్‌లో ఆస్ట్రేలియాతో టెస్టులో లక్ష్మణ్, ద్రావిడ్ పొద్దస్తమానం వికెట్ ఇవ్వలేదు. ఇప్పుడు రాకెట్ పట్టుకుంటే మనసు నేరుగా ఆ వారంలోకే పోతుంది. పిక్కలు మాత్రం రావు.

అసలు చిక్కు ఊపిరితో కాదు. అది మూడు నాలుగు వారాల్లో దారికొస్తుంది. మడమ వెనక తాడులా ఉండే అకిలిస్ టెండన్ గట్టిపడడానికి మూడు నెలలైనా కావాలి. ఆయాసం తగ్గింది కదా అని అయిదో వారంలో ఆట పెంచేస్తే దెబ్బ తగిలేది అక్కడే. అందుకని నేను 12 వారాల లెక్క పెట్టుకున్నాను. బీపీ, షుగర్ ఉన్నవాళ్లు ముందు డాక్టరుకి చూపించుకోవాలి.

మొదటి మూడు వారాలు కోర్టు ముఖం చూడలేదు. అలారం 5:15కి, పడక 10కి, రాత్రి భోజనం 8 లోపు. నిద్ర కుదరకుండా పొద్దున లేవడం నాలుగు రోజుల ముచ్చటే. 30 నిమిషాల నడక, రెండో వారం నుంచి అందులోనే నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక చొప్పున ఎనిమిది సార్లు. గుంజీలు పది చొప్పున మూడు విడతలు. బడిలో శిక్షగా తీసినంత వేగంగా కాదు, వెనక కుర్చీ ఉందనుకుని నెమ్మదిగా దిగడం.

ముఖ్యమైంది మెట్టు పని. మెట్టు అంచున మునివేళ్ల మీద నిలబడి, రెండు కాళ్లతో పైకి లేచి, ఒక్క కాలి మీదే మూడు అంకెలు లెక్కపెడుతూ మడమ కిందికి దించాలి. కాలికి 15 చొప్పున మూడు విడతలు మోకాలు నిటారుగా, మరో మూడు విడతలు మోకాలు కాస్త వంచి. వంచితేనే పిక్క లోపలి కండరానికి పని పడుతుంది. మంచం దిగాక నడుస్తుంటే మడమ దగ్గర బిగుతు అరగంట దాటినా వదలకపోతే ఆ రోజు ఆట లేదు.

బూట్ల దగ్గర పిసినారితనం వద్దు. పరుగు బూట్ల మడమ ఎత్తుగా, మెత్తగా ఉంటుంది. పక్కకి అడుగేస్తే చీలమండ మడత పడుతుంది. గమ్ సోల్ (జారని రబ్బరు అడుగు) ఉన్న షటిల్ బూట్లే కొనాలి. అటక మీద రాకెట్‌కి కొత్త గట్టింగ్ (తీగల అల్లిక) 22 నుంచి 24 పౌండ్ల బిగువు చాలు. టీవీలో ఆటగాళ్లను చూసి 28 వేయిస్తే మోచేయి పట్టేస్తుంది. చెమటకి జారే గ్రిప్ కూడా అంతే, జారకుండా బిగించి పట్టుకోవడమే మోచేయి నొప్పికి మొదలు.

నాలుగో వారం నుంచి సోమ, బుధ, శనివారాలు కోర్టు. ముందు అరటిపండు సగం, పది నిమిషాలు ఒళ్లు వేడెక్కించడం, తర్వాత సగం కోర్టులో 20 నిమిషాలు క్లియర్లు (ఎత్తుగా వెనక గీత దాకా కొట్టేవి), డ్రాపులు (నెట్ దాటగానే పడేలా మెల్లగా వేసేవి) మాత్రమే. ఎనిమిదో వారం నుంచి డబుల్స్, ఒక్క గేమ్. 2006 నుంచి 21 పాయింట్ల పద్ధతి వచ్చినా మా బ్యాచ్ పెద్దలు ఇంకా 15కే ఆడతారు, నాకదే హాయి. మిగతా రోజులు నడక, గుంజీలు, మెట్టు. ఒక రోజు తప్పితే మర్నాడు రెండింతలు చెయ్యకూడదు.

వెనక నుంచి ఎవరో పిక్క మీద తన్నినట్టు టప్పున శబ్దం వస్తే ఆట ఆపెయ్యాలి. నూనె మర్దనా కాదు, అదే రోజు ఎముకల డాక్టరు.

స్మాష్‌కి, అంటే పైనుంచి కిందికి బలంగా కొట్టే దెబ్బకి, 12వ వారం దాకా ఆగాను. కుడిచేతి వాటం వాళ్లు వెనక్కి ఎగిరి కొడితే దిగేటప్పుడు బరువంతా మొదట ఎడమ కాలి మీద పడుతుంది. అందుకే మెట్టు మీద ఎడమ కాలికి ఇప్పటికీ ఇంకో 15 ఎక్కువ.