మావాడు గుంటూరులో పుట్టాడు, మెల్‌బోర్న్‌లో పెరిగాడు

మొన్న రాత్రి అన్నాలు తింటుంటే మావాడు ఉన్నట్టుండి అడిగాడు, "అమ్మా, నేను జైలుకెళ్తే నన్ను ఇండియా పంపేస్తారా?" అని. నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. వాడి ఫ్రెండ్ వాళ్ళన్నకి వీసా క్యాన్సిల్ చేశారంట, ఆ అబ్బాయి న్యూజిలాండ్‌లో పుట్టి మూడేళ్ళప్పుడు ఇక్కడికొచ్చాడు, కొట్లాట కేసులో ఏడాదిన్నర శిక్ష పడింది.

ఆస్ట్రేలియా వలస చట్టంలో సెక్షన్ 501 అని ఉంది, 2014 చివర్లో దాన్ని బాగా గట్టి చేశారు, 12 నెలలు లేదా అంతకన్నా ఎక్కువ శిక్ష పడి జైల్లో ఉంటే వీసా రద్దు చేసి తీరాల్సిందే. పీఆర్, అంటే ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి, అదీ వీసానే, మనవాళ్ళు చాలామంది ఆ సంగతే మర్చిపోతారు. ఏ వయసులో వచ్చావు, ఇక్కడ ఎవరున్నారు అన్నవి రద్దయ్యాక 28 రోజుల్లో అర్జీ పెట్టుకుంటే అప్పుడు చూస్తారు.

పెద్దయ్యాక వచ్చి ఒకర్ని చంపినవాణ్ణో, ఆడపిల్ల జోలికెళ్ళినవాణ్ణో శిక్ష అయ్యాక పంపేయాలనే నేనూ అంటాను, దెబ్బతిన్న ఇంటివాళ్ళు మళ్ళీ వాడి మొహం చూడక్కర్లేదు. కానీ ఇక్కడి బడిలో చదివి ఇక్కడే చెడిపోయిన పిల్లాడు ఈ దేశం పిల్లాడే కదా. 2020లో అప్పటి న్యూజిలాండ్ ప్రధాని జసిండా ఆర్డెర్న్ సిడ్నీలో అప్పటి ఆస్ట్రేలియా ప్రధాని మోరిసన్ పక్కనే నిలబడి, మీ మనుషుల్ని, మీ సమస్యల్ని మా మీదకి తోలకండి అన్నప్పుడు రాజకీయంలే అనుకున్నాను, ఇప్పుడు ఆ మాట వేరేగా వినిపిస్తోంది.

పోయినేడు విజయవాడ బస్టాండ్‌లో మావాడు గుంటూరు బోర్డున్న బస్సు ముందే నిలబడి గుంటూరు బస్సేదమ్మా అన్నాడు. మాట్లాడతాడు గానీ అక్షరాలు రావు. వాణ్ణి ఒక్కణ్ణే అక్కడ దింపి నీ దేశం ఇదే, బతుకు అంటే?

ఇండియా రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు, పౌరసత్వం వదులుకున్నవాళ్ళకి ఇచ్చే ఓసీఐ కార్డు మీద పొలం కొనలేమని మా ఆయన ఇన్నేళ్ళూ ఆస్ట్రేలియా సిటిజన్‌షిప్ వాయిదా వేస్తూ వచ్చారు. మనవాడు అలాంటోడు కాదు అంటారు. ఆ న్యూజిలాండ్ తల్లి మాత్రం వేరేగా అనుకుని ఉంటుందా? మావాడికి మార్చిలో 16 నిండుతాయి, ఆలోపైతే మా అప్లికేషన్‌లోనే వాడినీ చేర్చొచ్చు అని చెప్పాను. ఆయన బీరువాలోంచి పాస్‌పోర్టులు తీసుకొచ్చి చాలాసేపు చేతిలోనే పట్టుకుని కూర్చున్నారు, తర్వాత వాడి బర్త్ సర్టిఫికెట్ ఎక్కడుందో అడిగారు.