వేట లేని రోజుల్లో విశాఖ

మా అమ్మాయి పుణెలో పుట్టింది. ఎనిమిదేళ్ళు. "మీ ఊరు ఎలా ఉంటుందమ్మా?" అని అడిగితే ఫోన్లో ఫొటోలు వెతికి చూపించాను. బీచ్‌లో కురుసుర జలాంతర్గామి, కైలాసగిరి మీద శివపార్వతులు, యారాడ దగ్గర కొండ. అన్నీ చూసి, "ఇందులో మీ వాళ్ళెవరూ లేరేం?" అంది. ఆ మాట నన్ను వదల్లేదు. మే నెలలో అల్లిపురంలో అమ్మ దగ్గర నాలుగు రోజులు ఉండడానికి వెళ్ళినప్పుడు, రోజూ ఫోన్‌తోనే మా ఊరి మనుషుల్ని ఫొటోలు తీయాలనుకున్నాను.

మొదటి రోజు తెల్లవారకుండానే ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళాను. చిన్నప్పుడు నాన్నతో వెళితే వేలంపాట కేకలు, వంజరం, చందువ రాశులు, తడిసిన నేల. ఆ ఫొటో మనసులో ముందే తీసేసుకున్నాను. తీరా చూస్తే జెట్టీ అంతా నిశ్శబ్దం. మరబోట్లు ఒకదాని పక్కన ఒకటి ఆనుకుని కట్టేసి ఉన్నాయి. వేట నిషేధం మాటే మర్చిపోయాను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, తూర్పు తీరంలో మరబోట్లు సముద్రంలోకి వెళ్ళవు. చేపలు గుడ్లు పెట్టే కాలం అది.

వెనక్కి వచ్చేద్దామనుకుంటుంటే వలల కుప్ప పక్కన కూర్చున్న ఒక పెద్దాయన పలకరించాడు. "ఏటమ్మా, బోట్లు ఆగిపోయినప్పుడొచ్చావు?"

దగ్గర కూర్చున్నాను. చిరిగిన వలని కాలి బొటనవేలికి తగిలించి లాగి పట్టుకుని, నైలాన్ దారం చుట్టిన సూదితో ఒక్కో కన్నూ అల్లుతున్నాడు. అవతల ఇద్దరు కుర్రాళ్ళు బోటుకి నీలం రంగు వేస్తున్నారు. వేట ఉన్న రోజుల్లో ఈ పనులు చూసే తీరిక ఎవరికి ఉంటుంది? అడిగి, ఆయన చేతులు నాలుగైదు ఫొటోలు తీసి చూపించాను. దారం ఒరుసుకుని కాయలు కాసిన వేళ్ళు, పక్కనుంచి పడుతున్న ఎండ. నాకైతే చాలా నచ్చాయి.

ఆయన చూసి, "సేతులే తీసేవు. మొకం తియ్యలేదేటి?" అన్నాడు.

ఏం చెప్పాలో తెలియలేదు. చేతులు తీస్తే కష్టం కనిపిస్తుందని నేననుకున్నాను. ఆయనకి మాత్రం తను కనిపించాలి. "రేపు రా, సొక్కా ఏసుకుని ఉంటాను" అన్నాడు.

ఆ రోజంతా మనుషుల్ని అడిగే ఫొటోలు తీశాను. పూర్ణా మార్కెట్‌లో పచ్చి పనసకాయని కత్తితో టకటకా పొట్టు కొడుతున్న అత్త ఒకామె. ఆ చప్పుడు ఫొటోలో రాదు కదా అని, కత్తి పైకి లేచినప్పుడు ఒకటి, దిగినప్పుడు ఒకటి, పొట్టు కాగితంలో కట్టేటప్పుడు ఒకటి తీశాను. మూడూ వరసగా చూస్తే చప్పుడు వినిపించినట్టే ఉంటుంది. బురుజుపేటలో కనకమహాలక్ష్మి అమ్మవారి గుడి బయట పూలమ్మే పిల్ల, "నన్నొద్దు, మా బుట్ట తియ్యక్కా" అంది. బుట్టే తీశాను. ఆ అమ్మవారికి పైకప్పు ఉండదు, ఎవరి పూజ వాళ్ళే చేసుకోవచ్చు. లోపల మాత్రం ఫోన్ బయటకి తీయలేదు, దణ్ణం పెట్టుకుని వచ్చేశాను.

కైలాసగిరికి కూడా వెళ్ళాం, అమ్మ ఐస్‌క్రీమ్ తింది.

మర్నాడు పెద్దాయన ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కాలో, తల దువ్వుకుని, రంగు ఇంకా ఆరని బోటు ముందు నిలబడ్డాడు. బోటు నంబరు కనిపించాలన్నాడు. నేను రెండడుగులు వెనక్కి జరిగాను. వెనకాల డాల్ఫిన్స్ నోస్ కొండ కూడా ఫ్రేములోకి వచ్చింది. నవ్వమంటే నవ్వలేదు, ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు.

సాయంత్రం జగదాంబ దగ్గర స్టూడియోలో ప్రింటు తీయించి తీసుకెళ్ళి ఇచ్చాను. లుంగీకి చెయ్యి తుడుచుకుని అంచులు పట్టుకుని చూశాడు. తర్వాత మనవణ్ణి పిలిచి, బోటు ముక్కు మీద వేలు పెట్టి, "ఇక్కడ మీ అయ్య నిలబడతాడు, ఇక్కడ నేను" అని చెప్పడం మొదలుపెట్టాడు.

పుణెలో మా అమ్మాయికి ముందు ఆ ఫొటోయే చూపించాను. "ఈ తాతగారి పేరేంటి?" అంది. చెప్పాను.