ర్యాంకు లేని యూనివర్సిటీ

మొన్న ఆదివారం కూకట్‌పల్లిలో అక్కావాళ్లింటికి వెళ్లేసరికి పెసరట్లు ఒకపక్క చల్లారిపోతున్నాయి, బావగారు కళ్లజోడు నుదుటి మీదికి నెట్టుకుని ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నారు. మా అక్క కొడుక్కి జర్మనీలో ఓ చిన్న ఊళ్లో, ప్రభుత్వ అప్లైడ్ సైన్సెస్ యూనివర్సిటీలో మాస్టర్స్ సీటు వచ్చింది. మెకానికల్. పొద్దున్నుంచి బావగారిది ఒకటే ప్రశ్నట.

"దీని వరల్డ్ ర్యాంక్ ఎంతమ్మా?"

లేదు బావగారూ, దానికి ర్యాంకే లేదు అన్నా. అంతే, మొహం మాడిపోయింది. ఎంసెట్ నాటి నుంచి ర్యాంకుతోనే పిల్లల్ని కొలిచిన ఇల్లు మాది, పాపం ఆయన్ని అని ఏం లాభం.

అసలు సంగతేంటంటే, వరల్డ్ ర్యాంకులిచ్చే టైమ్స్ హయ్యర్ ఎడ్యుకేషన్ లిస్టులో అడుగు పెట్టాలంటేనే ఐదేళ్లలో కనీసం 1,000 పరిశోధన పత్రాలు ఉండాలి. ఇలాంటి చిన్న హోహ్‌షూలెలు, అంటే ఈ అప్లైడ్ సైన్సెస్ యూనివర్సిటీలు, అందుకోసం పుట్టినవి కావు. 1968లో అక్కడి రాష్ట్రాలు ఒప్పందం చేసుకుని, పాత ఇంజినీరింగ్ స్కూళ్లనే మార్చి వీటిని పెట్టాయి, చుట్టుపక్కల ఫ్యాక్టరీలకు పనికొచ్చే ఇంజినీర్ల కోసం. ఇక్కడ ప్రొఫెసర్ కావాలంటే మామూలుగా పీహెచ్‌డీ ఒక్కటే చాలదు, ఐదేళ్ల ఉద్యోగానుభవం ఉండాలి, అందులో మూడేళ్లయినా యూనివర్సిటీ బయట చేసుండాలి. వారానికి 18 గంటలు క్లాసులు చెప్తారు, పెద్ద యూనివర్సిటీల్లో అది ఎనిమిదో తొమ్మిదో. 18 గంటలు పాఠాలు చెప్పేవాడు పేపర్లు ఎప్పుడు రాస్తాడు చెప్పండి!

2014లో యూరోపియన్ యూనియన్ డబ్బుతో యూ-మల్టీర్యాంక్ అని యూనివర్సిటీల్ని పోల్చే పద్ధతి ఒకటి మొదలై కొన్నేళ్లు నడిచింది. నాకు ఆ పద్ధతి నచ్చుతుంది. ఒకటి రెండు మూడు అని వరస పెట్టేది కాదు. బోధన, పరిశోధన, కంపెనీలతో లావాదేవీలు, విదేశీ సంబంధాలు, సొంత ప్రాంతంతో అనుబంధం, ఈ ఐదింటి కింద ఒక్కో అంశానికి 'ఏ' నుంచి 'ఈ' దాకా గ్రేడు ఇచ్చి, చిన్నపిల్లలు గీసిన సూర్యుడిలా ఒక బొమ్మ వేసేది. బాగున్నచోట కిరణం పొడుగు, లేనిచోట పొట్టి. మన కేంద్ర ప్రభుత్వం కాలేజీలకిచ్చే ర్యాంకింగ్ ఎన్ఐఆర్ఎఫ్ కూడా విడివిడిగా మార్కులు వేస్తుందనుకోండి, కానీ చివరికి అన్నీ కలిపి ఒక్క ర్యాంకు చేసేస్తుంది, అందులో 10 శాతం 'పర్సెప్షన్'. అంటే నలుగురూ ఏమనుకుంటున్నారని. ఆ దిగులు మనకి ఎటూ తప్పదు కదా.

ఎవరిదో పెళ్లి కార్డు కవర్ కనిపిస్తే దాని వెనక అలాంటి సూర్యుణ్ణే గీశా. మావాడు సేకరించినవన్నీ చెప్తూ ఉంటే ఒక్కో గీత పెట్టుకుంటూ పోయా. పరిశోధన పత్రాలు, చిటికెన వేలి గోరంత. కంపెనీలో చేసే థీసిస్‌లు, ఇంటర్న్‌షిప్‌లు, ఆ గీత కవర్ అంచు దాటి టేబుల్ మీదికి వెళ్లింది, అక్క కసిరింది. ల్యాబుల్లో రద్దీ లేదట, ఆ గీత కూడా పొడుగే. టైముకి పాసయ్యేవాళ్ల శాతం మాత్రం తక్కువగా ఉంది. బావగారు వెంటనే దాన్ని పట్టుకున్నారు. బ్యాచ్‌లో 20 మందే ఉంటే ఇద్దరు ఒక సెమిస్టర్ లేటైనా 10 శాతం ఎగిరిపోతుంది, చిన్న కాలేజీ లెక్కలు అలాగే ఊగుతాయి, రెండు మూడేళ్లవి కలిపి చూడాలి అని చెప్పా. పార్ట్ టైమ్ ఉద్యోగం చేసుకుంటూ థీసిస్ సాగదీసేవాళ్లూ ఉంటారు.

అలాగని అన్నీ బాగున్నాయని నేను వెనకేసుకు రాను. పీహెచ్‌డీ చేయాలనుంటే ఇది చుట్టుదారి. వీటికి సొంతంగా డాక్టరేట్ ఇచ్చే హక్కు చాలాకాలం లేనేలేదు, 2016లో హెస్సె రాష్ట్రంలో మొదటిసారి వచ్చింది. కానీ మావాడికి ఆ ఉద్దేశం లేదు, వాడికి మెషీన్ మీద చెయ్యి పెట్టాలి. ఇదే మాట అమీర్‌పేటలో ఒక కన్సల్టెన్సీలో చెప్తే, వాళ్లు చేసిన పనేంటంటే లక్షల ఫీజున్న ప్రైవేటు యూనివర్సిటీ బ్రోచర్ ఒకటి చేతిలో పెట్టారు, "దీనికి స్టార్లు ఉన్నాయి మేడమ్" అంటూ. ఎవరు ఇచ్చారండీ ఆ స్టార్లు అంటే జవాబు లేదు.

నా టెన్షన్ వేరే. కంపెనీల కిరణం ఎంత పొడుగున్నా, ఆ చిన్న ఊరి ఫ్యాక్టరీలో ఫోర్‌మన్ మాట్లాడేది జర్మనే. కోర్సు ఇంగ్లీషులో ఉందని వీడు జర్మన్ భాషలో మొదటి మెట్టు, ఏ1 దగ్గరే ఆగిపోయాడు. ఈ వారంలోనే బంజారాహిల్స్‌లో జర్మన్ నేర్పే గోథే సెంట్రమ్‌కి వెళ్లి తర్వాతి బ్యాచ్ ఎప్పుడో కనుక్కోరా అంటే, "సరే పిన్నీ" అన్నాడు, ఫోన్‌లోంచి తలెత్తకుండా.

నేను చెప్పులేసుకుంటుంటే బాల్కనీలో బావగారు ఎవరితోనో ఫోన్లో అంటున్నారు, "ర్యాంకు కాదండీ, అక్కడ సిస్టమే వేరు, కిరణాలు చూడాలట."